అన్నం, తీపి తగ్గించమన్నారు. అందరికీ ఒకే వంట ఉన్న ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

బెజవాడ కోడలు (విజయవాడ)

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు. ఆఫీసులో పెట్టిన హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.2 వచ్చింది. పరగడుపున షుగర్ 112. డాక్టరు గారు మందులేమీ రాయలేదు. "ఇంకా షుగర్ కాదు, ప్రీ డయాబెటిస్. తీపి, అన్నం తగ్గించి రోజూ నడవండి, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం" అన్నారు. ఎంత తగ్గించాలి, బదులుగా ఏం తినాలి అని అడిగేలోపే తర్వాతి పేషెంటును పిలిచేశారు.

మేం ఇంట్లో ఐదుగురం. వంట అత్తయ్యగారిది, నేను పైపని చేసిపెడతాను. పొద్దున ఇడ్లీయో దోసెయో, మధ్యాహ్నం బాక్సులో అన్నం, పప్పు, కాస్త వేపుడు. రాత్రి మళ్లీ అన్నమే. టీలు రోజుకు నాలుగు. నేను 58 కిలోలే, చూడటానికి లావుగా ఉండను, అందుకే ఇంట్లో ఎవరికీ నమ్మకం కుదరడం లేదు. పక్కింటావిడ పంచదార మానేసి బెల్లం వాడమంటోంది. ఆఫీసులో ఒకరు కొబ్బరినూనె డైట్ అంటారు, ఇంకొకరు బియ్యం ఆపేసి సిరిధాన్యాలు తినమంటారు. విడిగా వండుకునే తీరిక నాకు లేదు. ఈ వయసులో అత్తయ్యగారిని రెండు వంటలు చేయమనడం నాకే ఇష్టం లేదు. మా లాంటి ఇళ్లలో చేసి చూసినవాళ్లు కాస్త చెప్పండి. నిజంగా టెన్షన్‌గా ఉంది.

గోదారి గట్టు (రాజమహేంద్రవరం)

అక్కా, అన్నం జోలికి వెళ్లకముందు టీ సంగతి చూడండి. నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాలు వేసుకున్నా ఎనిమిది చెంచాల పంచదార. చెంచాకు నాలుగైదు గ్రాములు. ఇంకేమీ తినకుండానే రోజుకు 35, 40 గ్రాములు లోపలికి పోతున్నట్టే.

ఒక్కసారిగా మానేస్తే నోటికి సహించదండి. మా ఇంట్లో రెండు చెంచాలు ఒకటిన్నర చేశాం, అది అలవాటయ్యాక ఒకటి, ఆ తర్వాత అర. ఇప్పుడు పెళ్లిళ్లలో ఇచ్చే కాఫీ తాగితే పాయసంలా అనిపిస్తోంది. ఆఫీసు మెషీన్ టీలో పంచదార ముందే కలిపి ఉంటుంది, అది మాత్రం పూర్తిగా మానేయండి. టీతో పాటు వచ్చే రెండు బిస్కట్లు కూడా లెక్కలోకే వస్తాయి.

పోషణ (హైదరాబాద్)

నేను డైటీషియన్‌ని. మీ రిపోర్టు చూడకుండా మీకు డైట్ చార్ట్ ఇవ్వను. అందరికీ పనికొచ్చేవి మాత్రం చెబుతాను.

హెచ్‌బీఏ1సీ 5.7 లోపు ఉంటే మామూలు, 5.7 నుంచి 6.4 దాకా ప్రీ డయాబెటిస్, 6.5 ఆపైన డయాబెటిస్. పరగడుపున 100 నుంచి 125 మధ్య ఉన్నా ప్రీ డయాబెటిసే. అంటే మీ రెండు అంకెలూ ఒకే మాట చెబుతున్నాయి. మీరొక్కరే కాదు, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ల ఇండియాబ్ అధ్యయనం 2023లో వచ్చింది, అది మన దేశంలో దాదాపు 13.6 కోట్ల మంది ఈ దశలో ఉన్నారని అంచనా వేసింది. ఈ దశలో తిండి, నడక సరిచేసుకుంటే చాలామందిలో అంకె వెనక్కి వస్తుంది కాబట్టి భయపడకండి. మనవాళ్లకు సన్నగా ఉన్నా షుగర్ రావడం మామూలే. అందుకే మన దగ్గర బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క, 23 దాటగానే బరువు ఎక్కువ అంటాం. బరువుతో పాటు నడుం కొలత కూడా చూసుకోండి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదు.

ఇక వంట. రెండు వంటలు అక్కర్లేదండీ. అత్తయ్యగారు చేసే పప్పు, కూర, చారు అలాగే ఉండనివ్వండి. కూర మాత్రం ఇప్పుడు చేసేదానికి రెట్టింపు చేయాలి. మన ఇళ్లలో కంచం నిండా అన్నం పెట్టి, ఓ పక్కన రెండు చెంచాల కూర వడ్డిస్తారు. ఆ వరుస తిరగేయండి. కంచంలో ముందు కూర, సగం కంచం నిండేలా. పావు వంతు పప్పు, గుడ్డు, చేప, శనగలు, పనీర్, వీటిలో ఏదైనా. మిగిలిన పావులో అన్నం. తినేటప్పుడు కూడా నాలుగు ముద్దలు కూర, పప్పు విడిగా తిని, ఆ తర్వాత అన్నం కలుపుకోండి. కూర, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థం చివర తింటే భోజనం తర్వాత షుగర్ అంతగా ఎగబాకదని పరిశోధనల్లో తేలింది. దీనికి పైసా ఖర్చు లేదు.

కూర అంటే బీర, సొర, బెండ, దొండ, గోరుచిక్కుడు, క్యాబేజీ, ఆకుకూరలు. ఆలుగడ్డ, కంద, చేమదుంప, చిలగడదుంప అన్నం పావులోకి వస్తాయి. ఆలూ వేపుడుతో అన్నం తింటే అన్నంలో అన్నం నంజుకున్నట్టే. కూర రెట్టింపు అన్నాను కదా అని నూనె కూడా రెట్టింపు పోయకండి. వేపుడు బదులు మగ్గబెట్టిన కూర, ఆవపెట్టిన కూర, పెసరపప్పు వేసిన పొడికూర చేసుకోండి.

బెల్లం సంగతి సూటిగా చెబుతాను. బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే. తేనె కూడా తీపే. పంచదార మానేసి బెల్లం టీ తాగితే మీ 6.2కి తేడా ఏమీ తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల ప్రకారం ఇలా విడిగా చేర్చే తీపి రోజు మొత్తం శక్తిలో 10 శాతం లోపు ఉండాలి, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. 2000 కేలరీలు తినే మనిషికి ఆ 5 శాతం అంటే సుమారు 25 గ్రాములు. తేనె, పండ్లరసం కూడా అందులోనే లెక్క. గోదారి గట్టు గారు చెప్పిన నాలుగు టీలకే అది దాటిపోయింది.

లెక్కల టీచర్ (కరీంనగర్)

ఒక లెక్క నేనూ కలుపుతాను. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌పై మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. రోజుకు 200 గ్రాములు. 100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అంటే రోజుకు 156 గ్రాములు. ఇంటికి ఆ బియ్యమే ఆధారమైనవాళ్లకు "కొర్రలు తినండి, బాదం తినండి" అని చెప్పడం సులభం, ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. పోషణ గారు చెప్పిన సగం కంచం కూర కూడా ఐదుగురికి రెండు పూటలా అంటే తక్కువ ఖర్చు కాదు.

మా ఇంట్లో మేం చేసింది ఇది. సొర, బీర, గోంగూర, తోటకూర ఏ కాలంలో ఏవి చవకో అవే తెస్తాం. ఉలవలు, బొబ్బర్లు, శనగలు రాత్రి నానబెట్టి గుగ్గిళ్లు చేస్తాం, అదే సాయంత్రం స్నాక్. ఇంట్లో బిస్కట్ ప్యాకెట్లు, మిక్స్చర్ ఆపేస్తే ఆ డబ్బు గుడ్లకు సరిపోయింది.

పిల్లల సంగతి కూడా మర్చిపోకండి. పెద్దవాళ్లం మనం చెంచాలు లెక్కపెడుతుంటే వాళ్లు ఒక్క 300 మిల్లీలీటర్ల కూల్ డ్రింకుతో 30 గ్రాముల పైన తాగేస్తున్నారు. 2025 మేలో సీబీఎస్‌ఈ తన బడులన్నింటినీ షుగర్ బోర్డులు పెట్టమంది. ఏ డ్రింకులో, ఏ చిరుతిండిలో ఎంత పంచదార ఉందో పిల్లలకు కనబడేలా రాయాలి. మా బడి సీబీఎస్‌ఈ కాదు, అయినా నేను నా క్లాసులో పెట్టాను. సీసా మీద చదివిన గ్రాములను పిల్లలే చెంచాల్లోకి మార్చి చార్టు మీద రాస్తారు. ఆ చెంచాలు చూశాక ఇంట్లో అమ్మానాన్నలకు వాళ్లే క్లాసు పీకుతున్నారట.

పాలమూరు మాస్టారు (మహబూబ్‌నగర్)

బియ్యం తగ్గించడం గురించి ఇంత చర్చ ఎందుకమ్మా. మా చిన్నప్పుడు పాలమూరులో రోజూ జొన్న రొట్టె, జొన్న గటక. వరన్నం పండుగకో, చుట్టాలు వస్తేనో. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. అది పేదవాడి కడుపు నింపింది, నేను తప్పు పట్టను. కానీ ఆ తర్వాత జొన్న చేలు తగ్గినయి, రొట్టె చేసే చేతులూ తగ్గినయి.

నా మాట వినండి. రాత్రి పూట అన్నం తీసేసి జొన్న రొట్టె పెట్టుకోండి. పిండి తాజాగా పట్టించాలి, పాతదైతే రొట్టె విరుగుతది. మసిలే నీళ్లు పోసి గరిటెతో కలిపి, చెయ్యి పట్టేంత వేడికి వచ్చినాక బాగా పిసకాలి. ఎంత పిసికితే అంత సాగుతది. పీట మీద పొడిపిండి చల్లి చేత్తో తట్టి, పెనం మీద వేసినాక పైన తడిబట్టతో నీళ్లు అద్దాలి. ఆ తడి ఆరినంక తిప్పాలి. రెండు రొట్టెలు, గిన్నెడు తోటకూర పప్పు తిన్నారంటే తెల్లారేదాకా ఆకలి అనరు. మా ఇంట్లో ఇప్పటికీ రాత్రికి ఇదే.

ఫిట్ కర్నూలు (కర్నూలు)

నేను కొబ్బరినూనె డైట్ చేసినవాణ్ని. అన్నం, రొట్టె, పప్పు, పండు అన్నీ బంద్. బరువు బాగా తగ్గింది, షుగర్ అంకెలు కూడా దిగాయి. పావు కంచం, సగం కంచం అంటూ కూర్చుంటే ఎప్పటికి తగ్గాలి? చేస్తే గట్టిగా చేయాలి. అక్కా, ఒక నెల ధైర్యంగా చేసి చూడండి.

గోదారి గట్టు (రాజమహేంద్రవరం)

కర్నూలు అన్నా, మీకు పనిచేసినందుకు సంతోషం. కానీ ఇక్కడ షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు కూడా చదువుతుంటారు, అందుకని మా నాన్నగారి సంగతి చెప్పాలి. ఆయన గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకునేవారు. ఎవరో చెప్పారని రాత్రి అన్నం ఆపేసి దోసకాయ ముక్కలు, గుప్పెడు పల్లీలు తిని పడుకోవడం మొదలెట్టారు. మాత్ర మాత్రం మామూలుగానే. ఒకరోజు తెల్లవారుజామున అమ్మ కేకేస్తే వెళ్లి చూశాను. బనీను చెమటకు తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి, నన్ను చూసి పొంతన లేని మాటలు మాట్లాడుతున్నారు. మిషన్‌తో చూస్తే 54. మింగగలుగుతున్నారు కాబట్టి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాం. పావుగంటకు మళ్లీ చూస్తే 80 దాటింది, అప్పుడు మనిషి తేరుకున్నారు. పొద్దున్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే మాత్ర మోతాదు సగం చేశారు.

తిండి తగ్గితే మందు కూడా తగ్గాలి, అదీ డాక్టరే తగ్గించాలి. దయచేసి ఎవరూ సొంతంగా చేయొద్దు.

పోషణ (హైదరాబాద్)

గోదారి గట్టు గారు రాసింది అందరూ చదవండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు పిండిపదార్థం హఠాత్తుగా తగ్గితే షుగర్ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. వాటితో కీటో లాంటి, అంటే పిండిపదార్థం దాదాపు ఆపేసి కొవ్వు మీద నడిచే డైట్ చేస్తే మీటర్‌లో షుగర్ మరీ ఎక్కువ చూపించకుండానే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరగవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు కూడా డాక్టర్‌ను అడగకుండా ఇవేవీ మొదలుపెట్టకూడదు.

ఫిట్ కర్నూలు గారూ, పిండిపదార్థం బాగా తగ్గిస్తే అంకెలు దిగుతాయన్నది నిజమే. చాలామంది దాన్ని ఎక్కువ కాలం కొనసాగించలేరు, మానగానే బరువు తిరిగి వస్తుంది. ఐదుగురికి ఒకే పొయ్యి మీద వంట చేసే ఇంటికి నేనైతే అది చెప్పను.

మాస్టారు గారూ, జొన్న మంచిదే. బియ్యం కంటే పీచు బాగా ఎక్కువ. అయితే ఒక్క విషయం మీ ముందు పెడతాను. జొన్నలోనూ, రాగిలోనూ 100 గ్రాములకు 65 గ్రాములకు పైనే పిండిపదార్థం ఉంటుంది. 2025లో వచ్చిన ఇండియాబ్ సర్వే విశ్లేషణలో మనవాళ్లు తినే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని తేలింది. మొత్తం తగ్గించకుండా తెల్లబియ్యం బదులు గోధుమపిండో, చిరుధాన్యాల పిండో తింటే డయాబెటిస్ ముప్పు తగ్గినట్టు కనబడలేదు. ఆ పిండిపదార్థంలో కొంత తీసి పప్పులు, పాల నుంచి వచ్చే మాంసకృత్తులు పెట్టినప్పుడే ముప్పు తక్కువగా ఉంది. మీరు చెప్పిన రెండు రొట్టెలు, గిన్నెడు పప్పు చక్కగా కుదిరిన భోజనం. అందులో పప్పు, ఆకుకూర వాటా ఎక్కువ. కొర్రన్నం కదా ఏం కాదని కంచం నిండా తినేవాళ్లను నేను రోజూ చూస్తుంటాను. మెత్తగా పట్టిన పిండితో పల్చటి రాగిజావ కాచి బెల్లం వేసుకుని తాగేవాళ్లకూ ఇదే చెబుతాను. అది త్వరగా అరిగి షుగర్ త్వరగా పెరుగుతుంది.

"షుగర్ ఫ్రీ బియ్యం" అని అమ్మేవాటి గురించి కూడా అడుగుతుంటారు. తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం బియ్యం, గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక షుగర్ ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే అంకె) 51, 52 ఉంటుంది. అది తక్కువ కిందే లెక్క, మంచి రకం. అందులోనూ పిండిపదార్థం మామూలు బియ్యంలో ఉన్నంతే ఉంటుంది. కొనుక్కోండి, పావు కంచమే తినండి.

పాలమూరు మాస్టారు (మహబూబ్‌నగర్)

సరే అమ్మా, పప్పు గిన్నె పెద్దది, రొట్టెలు రెండే. అట్ల అయితే నాకు పేచీ లేదు.

డాలస్ బాబాయ్ (టెక్సస్)

నేను రోజంతా షుగర్ కొలిచే సెన్సర్ చేతికి పెట్టుకుని కొన్నాళ్లు చూశాను, ఇక్కడ సులభంగానే దొరుకుతుంది. నా ఒంట్లో కనబడినవి రాస్తున్నాను, మీ ఒంట్లో అంకెలు వేరుగా ఉండొచ్చు. నాలుగు ఇడ్లీలు కొబ్బరి చట్నీతో తింటే గంటలో 190 దాటేది. రెండు ఇడ్లీలు, గిన్నె నిండా కూరగాయల సాంబారు, ఉడికించిన గుడ్డు తింటే 150 దగ్గర ఆగింది. బియ్యం కలపని పెసరట్టు ఇంకా నయం. ఆరెంజ్ జ్యూస్ ఇడ్లీల కంటే ఘోరం, అదే పండు ఒలుచుకుని తింటే పెద్దగా కదలలేదు.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది నడక. భోజనం అవ్వగానే ఇంటి చుట్టూ పావుగంట తిరిగితే పైకి పోతున్న గీత అక్కడే వంగిపోయేది. అన్నం తిని సోఫాలో కూర్చున్న రోజుకూ, లేచి నడిచిన రోజుకూ కొండంత తేడా. బెజవాడ కోడలు గారూ, మీకు సెన్సర్ అవసరం లేదు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే తిన్న రెండు గంటలకు అప్పుడప్పుడు చూసుకోండి, చాలు.

ఎడారి పక్షి (దుబాయ్, మాది జగిత్యాల)

మేము క్యాంపులో పన్నెండు మంది కలిసి వండుకుంటాం. డ్యూటీ అయిపోయి వచ్చేసరికి ఒంట్లో ఓపిక ఉండదు. కుక్కర్‌లో అన్నం, దాంట్లోకి ఒక్క కూర, ఎండకు తట్టుకోలేక రోజంతా కూల్ డ్రింకులు. మా రూంలో ముగ్గురికి షుగర్ బయటపడింది, అందరూ నలభై లోపే. కూల్ డ్రింకుల బదులు ఉప్పు, నిమ్మకాయ పిండిన మజ్జిగ పెద్ద క్యాన్‌లో కలిపి సైటుకు తీసుకుపోతున్నాం. గుడ్లు, శనగలు ఇక్కడ చవకే. ఎండలో బరువు పని చేసేవాళ్లం కదా, అన్నం పావు కంచం అంటే సరిపోతుందా మేడం?

పోషణ (హైదరాబాద్)

తమ్ముడూ, మీ పనికి పావు కంచం సరిపోకపోవచ్చు, పొట్ట మాడ్చుకోకండి. కూల్ డ్రింకులు ఆపడమే పెద్ద అడుగు, మీరు అది ఇప్పటికే చేశారు. కుక్కర్‌లో అన్నంతో పాటు శనగలో పెసలో ఇంకో గిన్నెలో ఉడికించుకోండి, ప్రతి పూటా ఒక గుడ్డు కలపండి. షుగర్ ఉన్న ముగ్గురూ మాత్రలు వాడుతుంటే తిండి మార్చేముందు అక్కడి క్లినిక్‌లో చెప్పాలి. ఎండలో పనిచేస్తూ షుగర్ పడిపోతే చాలా ప్రమాదం. ముగ్గురి జేబుల్లోనూ గ్లూకోజ్ పొడో, పంచదార పొట్లమో ఉండాలి.

బెజవాడ కోడలు (విజయవాడ)

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఈ చర్చ మొత్తం అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఆవిడ మొదట "అన్నం తినకపోతే నీరసం వస్తుంది" అన్నారు. గోదారి గట్టు గారి నాన్నగారి సంగతి విన్నాక, నాకు మాత్రలు లేవు కాబట్టి ఆ భయం లేదని చెప్పాక ఊరుకున్నారు.

ఇప్పుడు ఇలా నడుస్తోంది. కూర రెట్టింపు అనగానే తరగడమే పెద్ద పని అయింది. గోరుచిక్కుళ్లు ఈనెలు తీయడానికే అరగంట పడుతుంది. అందుకని రాత్రి టీవీ ముందు మావారు, మా బాబు కూర్చుని మర్నాటికి ఒలిచి, తరిగి డబ్బాల్లో పెడుతున్నారు. మావయ్యగారు కూడా చిక్కుళ్లు ఒలుస్తున్నారు. బాక్సులు మార్చేశాను. పెద్ద డబ్బా కూరకు, చిన్న డబ్బా అన్నానికి. పెసరట్టులో అత్తయ్యగారు కరకరలాడాలని గుప్పెడు బియ్యం వేసేవారు. అది మానేసి, నానిన పెసలను కొంచెం గరుకుగా రుబ్బి పల్చగా పరిస్తే బియ్యం లేకుండానే బాగా వచ్చింది. టీలు రెండయ్యాయి, చెంచాలు ఒకటికి దిగాయి.

రెండు సందేహాలు మిగిలాయి. పెరుగన్నం లేకపోతే నాకు భోజనం అయినట్టే ఉండదు. ఇంకోటి, సంక్రాంతికి మా పుట్టింట్లో అరిసెలు పాకం పట్టి డబ్బాలకు డబ్బాలు చేస్తారు, వద్దంటే అమ్మ బాధపడుతుంది.

గోదారి గట్టు (రాజమహేంద్రవరం)

పెరుగుకి నా దగ్గర ఉపాయం ఉందండి. అన్నంలోంచే రెండు ముద్దలు పక్కన పెట్టుకోండి, చివర్లో కప్పు నిండా పెరుగు వేసి కలుపుకోండి. కీర ముక్కలు, కొత్తిమీర కూడా వేస్తే గిన్నెడు అవుతుంది. అన్నంలో పెరుగు కాకుండా పెరుగులో అన్నం అన్నమాట.

పోషణ (హైదరాబాద్)

పెరుగుకి అదే సరైన పద్ధతి.

అరిసెలు తినండి. పండుగ రోజు భోజనంతో పాటు ఒకటి తిని, ఆ పూట అన్నం తగ్గించి, కాసేపు నడవండి. డబ్బాలు మాత్రం విజయవాడ తెచ్చుకోకండి. ఇంట్లో కళ్లెదురుగా ఉంటే టీతో పాటు రోజూ ఒకటి చేతిలోకి వస్తుంది. అమ్మగారికి ముందే ఫోన్ చేసి, మీ వాటాకు పాకం పట్టిన అరిసెలు, నువ్వులుండలు కాకుండా వేయించిన నువ్వులు, పల్లీలు ఇవ్వమనండి.

మూడు నెలలకు పరీక్ష చేయించేటప్పుడు మొదట చేయించిన ల్యాబులోనే చేయించండి. దానితో పాటు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది, మన ఆడవాళ్లలో అది చాలా మామూలు. పరగడుపు, తిన్న తర్వాత పరీక్షలు కూడా ఉంటే మీ డాక్టర్‌కు తేల్చడం తేలికవుతుంది. అంకెలు వచ్చాక ఇక్కడే రాయండి, చూసి మాట్లాడుకుందాం.